కాటా కంప్యూటర్‌లో మాడ్యూల్: ఏ కంపైలర్ మేలు?

తణుకు వైపు ఒక రైస్ మిల్లు అనుకోండి. లారీ కాటా పక్కన పాత విండోస్ 7 కంప్యూటర్, అందులో పైథాన్ 2.7. బరువు చూపే ఇండికేటర్ నుంచి అంకెలు చదివేది సీ భాషలో రాసి పైథాన్‌కు తగిలించిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్. దాన్ని మళ్లీ కంపైల్ చేయాలంటే, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చాలంటే, దేనితో?

చాలామంది చేయి ముందు మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్ మీదకే పోతుంది. ఉచితం, చిన్నది, తొందరగా పని అయిపోతుంది. చిక్కేమిటంటే పైథాన్ 2.7ను మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో 2008తో కట్టారు, అది ఎంఎస్‌వీసీఆర్90 రన్‌టైమ్ (ప్రోగ్రాంకు మెమరీ, ఫైళ్ల పనులు చేసిపెట్టే లైబ్రరీ) వాడుతుంది. పాత మింగ్‌డబ్ల్యూ మామూలుగా ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే వేరే రన్‌టైమ్‌కు లింక్ చేస్తుంది. ఒకే ప్రోగ్రాంలో రెండు రన్‌టైమ్‌లు, ఎవరి హీప్ (మెమరీ నిల్వ) వారిది, తెరిచిన ఫైళ్ల పట్టిక కూడా ఎవరిది వారిదే. ఒకచోట మాలాక్‌తో మెమరీ తీసుకుని ఇంకోచోట ఫ్రీతో వదలడమంటే తూర్పు డెల్టా కాలువ నీటికి పశ్చిమ డెల్టా లాకుల దగ్గర లెక్క అడగడమే. కంపైలర్ మాత్రం కిక్కురుమనదు. కొన్నాళ్లు బాగానే నడిచి, దాళ్వా ధాన్యం లారీలు బారులు తీరిన రోజున ప్రోగ్రాం కుప్పకూలుతుంది. అసలు టెన్షన్ అదే.

అలాగని మింగ్‌డబ్ల్యూ పనికిరాదనను. మాడ్యూల్‌కూ పైథాన్‌కూ మధ్య సరిహద్దు దాటేవి అంకెలే అయితే, మెమరీని తీసుకున్న రన్‌టైమే వదిలితే ఇబ్బంది లేదు. తెరిచిన ఫైల్‌ను సూచించే ఫైల్ పాయింటర్‌ను మాత్రం అటూ ఇటూ పంపకూడదు. పైథాన్ వైపు పైఫైల్_యాజ్‌ఫైల్ ఇచ్చే పాయింటర్‌తో, ఫైల్‌లో రాసే ఎఫ్‌ప్రింట్ఎఫ్‌ను మాడ్యూల్ నుంచి పిలిస్తే ఇక గొడవే.

2.7లోనే ఉండక తప్పదంటే విజువల్ స్టూడియో 2008 వెతికి పట్టుకోవడమే క్షేమం. విసుగే, కానీ గొడవ ఉండదు.

నన్నడిగితే పైథాన్ 3.8కి మారడం మేలు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ అదే. 3.5 నుంచి పైథాన్ యూనివర్సల్ సీ రన్‌టైమ్ (యూసీఆర్‌టీ) మీద ఉంది, కాబట్టి విజువల్ స్టూడియో 2015, 2017, 2019లలో దేనితో కట్టినా కలుస్తుంది. మింగ్‌డబ్ల్యూ మీదే మక్కువ ఉంటే, మింగ్‌డబ్ల్యూ కంపైలర్లను అందించే ఎంఎస్‌వైఎస్2 ప్యాకేజీలోని యూసీఆర్‌టీ64 కూడా అదే రన్‌టైమ్‌కు లింక్ చేస్తుంది. ఒకటి మరవొద్దు: ఈ రన్‌టైమ్ విండోస్ 10లో ముందే ఉంటుంది, 7లో ఉండదు. దాన్ని 7లో పెట్టే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేబీ2999226ను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి, కాటా గదిలో నెట్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి.