చైల్డ్-ప్యూ స్కోరా, ఆల్బీ స్కోరా?

కాలేయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి కాలేయం అప్పటికే సిర్రోసిస్‌తో దెబ్బతిని, మచ్చలు పడి గట్టిపడి ఉంటుంది. గడ్డ ఎంతుందన్న దానితో పాటు, మిగిలిన కాలేయం చికిత్సను తట్టుకోగలదా అన్నదీ చూడాలి.

కాలేయం ఏ స్థితిలో ఉందో పాయింట్లలో చెప్పే చైల్డ్-ప్యూ 1973 నుంచి వాడుకలో ఉంది. అది అయిదు విషయాలు చూస్తుంది: బిలిరుబిన్ (కాలేయం రక్తంలోంచి తొలగించే పసుపు పదార్థం), ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రోటీన్), రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మెదడు మందగించడం. మొత్తం 5, 6 పాయింట్లు వస్తే ‘ఎ’ తరగతి (మెరుగైన స్థితి), 7 నుంచి 9 అయితే ‘బి’, ఆపైన ‘సి’. అయితే నీరు కొంచెమా, ఎక్కువా అన్నది చూసే డాక్టర్ అంచనా. మందులతో నీరు తగ్గితే స్కోరూ మారిపోతుంది.

2015లో వచ్చిన ఆల్బీకి ఆల్బుమిన్, బిలిరుబిన్ చాలు. ఇద్దరు పేషెంట్లను తీసుకోండి. ఇద్దరికీ బిలిరుబిన్ 1. ఆల్బుమిన్ ఒకరికి 4.2, మరొకరికి 3.6. మిగతావన్నీ మామూలుగా ఉంటే చైల్డ్-ప్యూలో ఇద్దరికీ 5 పాయింట్లే. ఆల్బీలో మాత్రం మొదటివారు గ్రేడ్ 1 (మెరుగైనది), రెండోవారు గ్రేడ్ 2. ఆపరేషన్ గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

అలాగని చైల్డ్-ప్యూని పక్కన పెట్టలేం. క్యాన్సర్ మందుల పరీక్షలు ఎక్కువగా చైల్డ్-ప్యూ ‘ఎ’ తరగతివాళ్ల మీదే జరిగాయి. పైగా పొట్ట ఉబ్బి, మాట తడబడుతున్న మనిషి ఆల్బీకి కనిపించడు. నా మటుకు నేను, ‘ఎ’ తరగతి అని రాగానే ఆల్బీ కూడా లెక్కించమంటాను. రక్తపరీక్ష రిపోర్టు ఎలాగూ చేతిలోనే ఉంటుంది.