నేపాల్‌కి రెండు వారాలా, ఎక్కడికైనా ఏడాదా?

మా పిన్ని కూతురు ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తి చేసింది. "అక్కా, నేపాల్ వెళ్లి ఆడపిల్లల ఆరోగ్యం మీద పని చేస్తా" అని ఫోన్. రెండు దారులు చూసుకుందట. ఒకటి, ఏజెన్సీకి డబ్బు కట్టి రెండు వారాలు వెళ్లిరావడం. రెండోది, 1970లో పెట్టిన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం, అదే యూఎన్‌వీకి అప్లై చేసి ఓ ఏడాది పని చేయడం.

మొదటిదాంట్లో సుఖముంది. తేదీలు మనిష్టం, దేశం మనిష్టం. మనవాళ్లకి నేపాల్ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. (ఆధార్ ఒక్కటీ నమ్ముకుని ఎయిర్‌పోర్టుకి పోకండి.) సరే, వెళ్లి చేసేదేంటి? పశ్చిమ నేపాల్‌లో ఛౌపడి అని ఓ ఆచారం ఉంది. నెలసరి వచ్చిన అమ్మాయిని ఇంటికి దూరంగా చిన్న గుడిసెలో పడుకోబెడతారు. చలికి మంట వేసుకుని ఆ పొగకి ఊపిరాడక కొందరు, పాము కరిచి కొందరు చనిపోయారు. 2005లోనే అక్కడి సుప్రీంకోర్టు వద్దంది. 2017 చట్టంలో మూడు నెలల జైలు, మూడు వేల నేపాలీ రూపాయల జరిమానా దాకా పెట్టారు. అయినా పూర్తిగా పోలేదు. కోర్టు మాటే వినని ఊరు రెండు వారాల చుట్టం మాట వింటుందా? నేపాలీ రాని మనం ప్యాడ్లు పంచి, ఫొటో దిగేసరికి తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది.

యూఎన్‌వీలో ఎదురు డబ్బు కట్టే పని లేదు. నెలనెలా భత్యం, ప్రయాణ ఖర్చు, ఆరోగ్య బీమా వాళ్లే చూసుకుంటారు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకి వేరే విభాగమే ఉంది. చిక్కల్లా ఒకటే, ఖాళీ ఎక్కడుంటే అక్కడికే. నేపాలే కావాలని కూర్చుంటే కుదరదు. అసలు ఎంపిక కాకపోవచ్చు కూడా. అయినా నా ఓటు దీనికే. మనిషి మొహం అలవాటైతే గానీ ఇలాంటి సంగతులు ఎవరూ నోరు విప్పి చెప్పరు.

పిలుపు వచ్చేదాకా ఖాళీగా ఉండొద్దని, దగ్గర్లోని హైస్కూల్లో మొదలుపెట్టమన్నాను. నేను ఓసారి తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి డబ్బాలో వేయమన్నాను. సగం చీటీలు ఖాళీ. ఒకదాంట్లో మాత్రం పెన్సిల్‌తో ఇలా ఉంది: "మా నాయనమ్మ ఆ మూడు రోజులూ మంచం ఎక్కనివ్వదు. మీ ఇంట్లో కూడా అంతేనా టీచర్?"

అంతే మరి. మా ఇంట్లోనూ చాప, విడిగా కంచం. రెండు రోజులు చదువుకుని వెళ్లిన పాఠంలో దీనికి జవాబు లేదు.

"నువ్వయితే ఏం చెప్తావే?" అని అడిగాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ ఇక్కడే ఉందక్కా, మళ్లీ చేస్తా" అంది.