ఖాళీ డిస్కులు: పెట్టె మీది పేరు కాదు, లోపలి కోడ్ చూడండి

ఖాళీ డిస్కుల్లో ఏ బ్రాండ్ మంచిదని అడిగితే నేను సూటిగా ఒక పేరు చెప్పలేను. చాలా ఏళ్లుగా ఫోటోలు, వీడియోలు, పని ఫైళ్లు అన్నీ డిస్కుల మీదే దాచుకుంటున్నాను. ఒకే బ్రాండ్, ఒకే రకం పెట్టె, అదే 16ఎక్స్ (రాసే గరిష్ఠ వేగం) డీవీడీ-ఆర్. మొదట కొన్న స్పిండిల్‌లోని (కాడకు గుచ్చి అమ్మే డిస్కుల దొంతర) డిస్కులు ఇప్పటికీ పెట్టగానే ఓపెన్ అవుతున్నాయి. తర్వాత తెచ్చిన స్పిండిల్‌లో చాలావరకు రెండు మూడేళ్లకే మొరాయించాయి. రెండింటి మీదా బొమ్మ ఒకటే. తయారుచేసిన ఫ్యాక్టరీలు మాత్రం వేరు.

ఈ వ్యాపారం తీరే అంత. పెట్టె మీద పేరున్న కంపెనీయే డిస్కు తయారుచేయాలని లేదు. బయటి ఫ్యాక్టరీల నుంచి కొని, తన ముద్ర వేసి అమ్ముతుంది. ఇవాళ ఒకరి సరుకు, రేపు ఇంకొకరిది. అసలు తయారీదారు ఎవరో డిస్కులోనే ముందుగా వేసి ఉండే మీడియా కోడ్ చెబుతుంది. ఖాళీ డిస్కు డ్రైవ్‌లో పెట్టి, డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్గ్‌బర్న్ తెరిస్తే ఆ కోడ్ కనిపిస్తుంది. జపాన్ కంపెనీ తైయో యుడెన్ 16ఎక్స్ డీవీడీ-ఆర్‌లకు టీవైజీ03 అని, మిత్సుబిషి కెమికల్ వాళ్ల అజో డై (డేటా నమోదయ్యే రంగు పొర) వాడిన వెర్బాటిమ్ డీవీడీ+ఆర్‌లకు ఎంసీసీ 004 అని ఉండేది. నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచినవి ఈ రెండు రకాలే. పేరున్న కోడ్‌ను దొంగతనంగా వేసుకున్న నకిలీలూ మార్కెట్లోకి వచ్చాయి కాబట్టి కోడ్ ఒక్కటే చూసి గుడ్డిగా నమ్మడానికీ లేదు.

పైగా పాత పొగడ్తలు ఇప్పుడు పనికిరావు. తైయో యుడెన్ 2015 చివరితో డిస్కుల తయారీ మానేసింది. వెర్బాటిమ్ వ్యాపారాన్ని 2019లో తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్ కొనుక్కుంది. అంతకుముందు రాసిన సమీక్ష చదివి ఇప్పుడు అదే పేరుతో కొంటే, అదే సరుకు వస్తుందన్న గ్యారంటీ లేదు.

బర్న్ పూర్తయిందని స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌ను నేను లెక్కలోకి తీసుకోను. రాయడం అయిందని మాత్రమే దాని అర్థం, ఎంత బాగా రాసిందో అది చెప్పదు. అసలు సంగతి, డిస్కు చదివేటప్పుడు వచ్చే తప్పులను లెక్కపెట్టే ఎర్రర్ స్కాన్‌లో బయటపడుతుంది. సీడీలో సీ1, సీ2 ఎర్రర్లు, డీవీడీలో పీఐ ఎర్రర్లు, పీఐ ఫెయిల్యూర్లు చూడాలి. రెండిట్లోనూ మొదటిది తొలి దశలో దొరికే తప్పులు, రెండోది ఆ దశలో సరికాక మిగిలినవి. సీ1 ఎంతో కొంత ఉంటుంది, ఫర్వాలేదు. సీ2 సున్నాగా ఉండాలి. డీవీడీలో పీఐ ఎర్రర్ల మొత్తం ఎనిమిది ఈసీసీ బ్లాకులకు (తప్పులు సరిదిద్దే సమాచారంతో కలిపి రాసిన డేటా ముక్కలు) 280 దాటకూడదని ప్రమాణం. మంచి డిస్కు అందులో పదో వంతు దగ్గరే ఉండిపోతుంది. అన్ని డ్రైవ్‌లూ ఈ లెక్క చెప్పవు, నేను పాత లైటాన్ డ్రైవ్ ఒకటి దీనికోసమే ఉంచుకున్నాను. ఒక డ్రైవ్ అంకెను ఇంకో డ్రైవ్ అంకెతో పోల్చకూడదు. అదే డిస్కు, అదే డ్రైవ్, అదే స్పీడ్, ఏడాది తేడాతో: అలా చూస్తేనే ఏదైనా అర్థమవుతుంది.

నా నాసిరకం స్పిండిల్ డిస్కుల గ్రాఫులన్నీ ఒకేలా ఉన్నాయి. మొదటి మూడు జీబీలు నేలబారుగా గీత. ఆ తర్వాత మెల్లగా పైకి, చివరి అంచుకు వచ్చేసరికి నిటారుగా. స్కాన్ లేకపోయినా చెవితో పట్టేయొచ్చు. ఫైల్ కాపీ అవుతుండగా మోటార్ ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, టక్‌టక్‌మని లెన్స్ వెనక్కి పోయి వస్తుంది, మళ్లీ స్పీడ్ అందుకుంటుంది, మళ్లీ పడిపోతుంది. ఫైల్ చివరికి కాపీ అయింది కదా అని ఊరుకుంటే వచ్చే ఏడు అది కూడా అవదు. ఆ శబ్దం వినగానే డేటా వేరే చోటికి ఎక్కించేయాలి.

చెడిపోవడం దాదాపు ఎప్పుడూ బయటి అంచు నుంచే మొదలవుతుంది. డ్రైవ్ డిస్కు మీద లోపలి నుంచి బయటికి రాస్తుంది. డై సమంగా పరుచుకోవడం కష్టమయ్యేది, తిరిగేటప్పుడు ఎక్కువగా ఊగేది, రెండు పొరల మధ్య జిగురు సరిగా పట్టకపోతే తేమ దూరేది, అన్నీ ఆ అంచు దగ్గరే. అందుకని ముఖ్యమైన డిస్కును నిండా నింపను. పెట్టె మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.38 దాకానే. నేను నాలుగు దాటనివ్వను. కొన్నిటిలో ఇంకా ముందే ఆపి, మిగిలిన చోటును డీవీడిజాస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎర్రర్ కరెక్షన్ డేటాకు (పోయిన భాగాలను తిరిగి కట్టే అదనపు సమాచారం) వాడతాను. కొన్ని సెక్టార్లు పోయిన డిస్కు నుంచి దాంతో ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చుకున్నాను.

సీడీ-ఆర్ సంగతి వేరు. డీవీడీలో రికార్డింగ్ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. సీడీలో అది లేబుల్ వైపు, పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. అందరూ కింది మెరిసే వైపు గీతలు పడకుండా జాగ్రత్తపడి, పైవైపు పెన్నుతో బలంగా రాస్తారు. నిజానికి కింది గీతను చాలాసార్లు పాలిష్‌తో బాగుచేయొచ్చు. పైన పెచ్చు లేచిందంటే అక్కడి డేటా పోయినట్టే. చవక సీడీ ఒకటి లైటుకు అడ్డంగా పెట్టి చూస్తే సూదిమొన అంత వెలుగు చుక్కలు కనిపించాయి, కొత్తగా ఉన్నప్పుడు అవి లేవు. ఇక స్టిక్కర్ లేబుళ్లయితే అసలు వద్దు. జిగురు ఒక గొడవ, బ్యాలెన్స్ తప్పడం ఇంకో గొడవ.

స్పీడ్ విషయంలో ఎంత తక్కువైతే అంత మంచిదనే మాట నా అనుభవంలో నిలవలేదు. 16ఎక్స్ డై ఆ వేగానికి తగ్గట్టు తయారైంది. మరీ 2ఎక్స్‌కు దించితే ఎర్రర్లు తగ్గకపోగా పెరిగాయి. 8ఎక్స్ దగ్గర నాకు అన్నిటికంటే మంచి ఫలితం వచ్చింది. అది కూడా డ్రైవ్‌ను బట్టి మారుతుంది. ఒక డ్రైవ్ చెత్తగా రాసిన డిస్కు రకాన్నే ఇంకో డ్రైవ్ బ్రహ్మాండంగా రాస్తుంది.

రీరైటబుల్ డిస్కులు 1000 సార్లు రాయొచ్చంటారు. అంతకు చాలా ముందే నాకు విసుగొచ్చింది. తాత్కాలిక పనికి వాడండి, దాచుకోవడానికి కాదు.

బ్లూ-రే మీద మాత్రం నాకు నమ్మకం కుదిరింది. మామూలు బీడీ-ఆర్‌లో ఆర్గానిక్ డై కాకుండా అకర్బన పదార్థాల పొర ఉంటుంది, వెలుతురుకు అంత తేలిగ్గా పాడవదు. కొనేముందు పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఎల్‌టీహెచ్ అని ఉందేమో చూడండి. ఉంటే అది చవక కోసం మళ్లీ ఆర్గానిక్ డైతో చేసింది, నేను వదిలేస్తాను. చాలా కాలం దాచుకోవడానికని అమ్మే ఎమ్-డిస్క్ కూడా వాడుతున్నాను. ఇప్పటివరకు స్కాన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వెయ్యేళ్లు ఉంటుందని ప్రచారం చేశారు, ఆ ప్రచారం చేసిన మిలెనియాటా కంపెనీయే 2016లో దివాలా తీసింది.

ఇప్పుడు అసలు టెన్షన్ సరుకు దొరకడం గురించే. సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూ-రే తయారీ ఆపేసింది. అలాగని పాత స్టాక్ ఎగబడి కొనకండి. ఏమీ రాయకపోయినా డై వయసు పెరుగుతూనే ఉంటుంది, అప్పటిదాకా సీల్ విప్పని స్పిండిల్‌లోని డిస్కుల మీద కూడా బర్న్‌లు విఫలమవుతాయి. చిన్న స్పిండిల్ ఒకటి తెప్పించి, కోడ్ చూసి, పైది ఒకటి, మధ్యలోది ఒకటి, అడుగుది ఒకటి రాసి స్కాన్ చేయండి. మూడూ బాగుంటేనే పెద్దది ఆర్డర్ పెట్టండి. పనిలో పనిగా ఒక డ్రైవ్ కూడా అదనంగా కొని పెట్టుకోండి.