వెళ్లిన ప్రత్యర్థి తిరిగొస్తే: ట్రిక్సీ ఎపిసోడా, జుకో ఎపిసోడా, ఏది మేలు?

వేసవి సెలవుల్లో విజయవాడలోనూ గుంటూరులోనూ పిల్లల చేత కథలు రాయించేవాళ్లకి ఒక తలనొప్పి తప్పదు. పిల్లల ఫాంటసీ కథలో విలన్ ఓడిపోయి వెళ్లిపోతాడు. రెండో భాగంలో ఇంకాస్త పెద్ద కత్తి పట్టుకుని తిరిగొస్తాడు. కత్తి పెరుగుతుంది, మనిషి మాత్రం వెళ్లినవాడు వెళ్లినట్టే వస్తాడు. ఎందుకొచ్చాడంటే "పగ తీర్చుకోడానికి" అని రాసి ఊరుకుంటారు. ఇది ఉపన్యాసంతో కుదిరే పని కాదు. మంచి ఎపిసోడ్ ఒకటి చూపించి, ఆపి ఆపి మాట్లాడుకోవాలి.

ఆ పనికి రెండు ఎపిసోడ్లు పోటీ పడతాయి. ఒకటి "మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్" మూడో సీజన్‌లో 5వది, "మ్యాజిక్ డ్యుయెల్" (2012 డిసెంబర్ 1). రెండోది "అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్" మూడో భాగంలో 12వది, "ద వెస్టర్న్ ఎయిర్ టెంపుల్" (2008 జులై 14). రెండూ అరగంట లోపువే. ఛోటా భీమ్‌లో కాలియా ఉన్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. కాలియా ధోలక్‌పూర్ వదిలి ఎక్కడికీ పోడు. పోనివాడు తిరిగి రావడమన్న ప్రశ్నే లేదు గనక అతన్ని పక్కన పెట్టేద్దాం.

ముందు ట్రిక్సీ సంగతి. వెనక కథ మొదటి సీజన్‌లోని "బోస్ట్ బస్టర్స్" (2010)లో ఉంది. ట్రిక్సీ ఊరూరా తిరిగే గారడీ గుర్రం. పోనీవిల్ వచ్చి, అర్సా మేజర్ అనే మహా ఎలుగుబంటిని ఓడించానని కోతలు కోస్తుంది. ఆ కోతలు నమ్మిన స్నిప్స్, స్నెయిల్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు నిజంగానే ఒక ఎలుగుని లేపి ఊళ్లోకి తీసుకొస్తారు. ట్రిక్సీ బండి నుజ్జయిపోతుంది. కథానాయిక ట్వైలైట్ ఆ ఎలుగుని జోకొట్టి, పాలు పట్టి పంపించేస్తుంది. పైగా అది పిల్ల ఎలుగేనని తేలుతుంది. ట్రిక్సీ పరువు పోగొట్టుకుని పారిపోతుంది.

"మ్యాజిక్ డ్యుయెల్" మొదలవడమే ముసుగు వేసుకున్న ఎవరో కొట్లో ఆలికార్న్ అమ్యులెట్ అనే తాయెత్తు కొనడంతో మొదలవుతుంది. ఆ తాయెత్తు శక్తినిస్తుంది, బుద్ధిని చెడగొడుతుంది, వేసుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ తియ్యలేరు. ఈ మూడు నియమాల్లో మూడోదే కథకి ఇరుసు. ట్రిక్సీ పందెం కాస్తుంది: ఓడినవాళ్లు ఊరు వదలాలి. వయసు మార్చే మంత్రం దగ్గర ట్వైలైట్ చేతులెత్తేస్తుంది, ఊరి నుంచి గెంటివేతకి గురవుతుంది. ఊరి మీద గాజు గిన్నె బోర్లించినట్టు కవచం పడుతుంది. అడవిలో ఉండే జీబ్రా జెకోరా దగ్గర సాధన చేసి ట్వైలైట్ తిరిగొస్తుంది, ఈసారి తన దగ్గర ఇంకా గొప్ప తాయెత్తు ఉందంటుంది. స్నేహితురాళ్లని కళ్లముందే చిన్నపిల్లల్ని చేసి చూపిస్తుంది. ఆశ పుట్టిన ట్రిక్సీ తన తాయెత్తు తీసి ఆ కొత్తది వేసుకుంటుంది. కొత్తది ఉత్త బొమ్మ. వయసు మార్చడం కూడా కనికట్టే, అక్కల స్థానంలో చెల్లెళ్లు వచ్చి నిలబడ్డారు, అంతే.

అల్లిక పరంగా దీనికి వంక పెట్టలేం. బలంతో ఊడని తాళాన్ని ఆశతో ఊడబెరికారు. అంతకన్నా ముచ్చటైన సంగతి, గారడీ చేసి బతికేదాన్ని గారడీతోనే ఓడించడం. ట్వైలైట్ మంత్రబలంలో ఓడి, ట్రిక్సీ సొంత విద్యలో గెలిచింది. కథ రాయడం నేర్చుకునే పిల్లలకి ఒక నియమం పెట్టి, దాన్ని అతిక్రమించకుండానే ముడి విప్పడం ఎలాగో చూపించాలంటే ఇంత శుభ్రమైన నమూనా దొరకడం కష్టం.

లోటల్లా తిరిగొచ్చిన మనిషిని చూసిన తీరులో ఉంది. ట్రిక్సీ ఎందుకొచ్చింది? పోనీవిల్‌లో జరిగింది ఊరూరా పాకి, ఎక్కడికెళ్లినా నవ్వారు, చివరికి రాళ్ల పొలంలో కూలికి కుదరాల్సి వచ్చింది. ఈ సంగతి ఎపిసోడ్‌లో కొన్ని క్షణాల్లో తేలిపోతుంది, అదీ నవ్వు కోసం. కోతలు కోయడం ఆమె తప్పే గానీ, ఎలుగుని ఊళ్లోకి తెచ్చింది ఆమె కాదు. తెచ్చిన కుర్రాళ్లకి పడిన శిక్షకీ, బతుకుదెరువు పోగొట్టుకున్న ట్రిక్సీకీ పొంతన లేదు. అంటే ఆమె కోపంలో సగం న్యాయం ఉంది. ఆ సగాన్ని ఎవరూ ముట్టుకోరు. తాయెత్తు తియ్యగానే చెడంతా దానితోపాటే పోతుంది, ట్రిక్సీ క్షమాపణ చెబుతుంది, సౌదీ అరేబియాని గుర్తు చేసే పేరున్న దేశపు అతిథుల ముందు బాణసంచా పేల్చి అందర్నీ సంతోషపెడుతుంది. చేసిన పనికి జవాబుదారీ తాయెత్తుదే తప్ప మనిషిది కాదు. ఆ లెక్క తేలలేదని సిరీస్‌కీ తెలుసేమో, 2016లో ఆరో సీజన్ "నో సెకండ్ ప్రాన్సెస్"లో ట్రిక్సీ మళ్లీ వచ్చినప్పుడు ట్వైలైట్ ఆమెని అనుమానంగానే చూస్తుంది.

జుకో దగ్గర అలాంటి తాయెత్తేమీ లేదు. చేసినవన్నీ తెలిసి చేసినవే.

నీరు, నేల, నిప్పు, గాలి విద్యలు నాలుగూ నేర్చి లోకాన్ని కాపాడాల్సిన "అవతార్" ఆంగ్‌ని వేటాడిన రాకుమారుడు జుకో. అగ్నిరాజైన తండ్రిని ఎదిరించి, ఆంగ్‌కి అగ్నివిద్య నేర్పుతానంటూ కొండ అంచు కింద తలకిందులుగా వేలాడే గుడికి వస్తాడు. ఏం మాట్లాడాలో ముందుగా ఒక కప్ప ముందు నిలబడి సాధన చేస్తాడు. ఐరో బాబాయి అయితే ఏమంటాడు, చెల్లెలు అజులా అయితే ఏమంటుంది అని వాళ్ల గొంతులు అనుకరిస్తాడు. తీరా ఆంగ్, అతని నేస్తాలు కటారా, సాకా, టోఫ్‌ల ముందుకెళ్లాక ఆ మాటలేవీ రావు. అన్నిటికీ మించి, మిమ్మల్ని చంపడానికి వచ్చిన కంబస్చన్ మ్యాన్‌ని, నుదుటి నుంచి పేలుళ్లు విసిరే ఆ కిరాయి హంతకుణ్ని పంపింది నేనేనని తనే బయటపెడతాడు. మంచి చేసుకోడానికి వచ్చి ఉన్న అవకాశం పాడు చేసుకున్నట్టు కనిపించే ఈ మాటే ఎపిసోడ్‌కి వెన్నెముక. దాచిపెట్టి ఉంటే జుకోని నమ్మడానికి మనకీ కారణం ఉండేది కాదు. గదిమి పంపించేస్తారు.

రాత్రికి టోఫ్ ఒక్కతే అతని బస దగ్గరికి వెళుతుంది. ఉలిక్కిపడి జుకో విసిరిన నిప్పుకి ఆమె పాదాలు కాలతాయి. టోఫ్‌కి చూపు లేదు, నేలని పాదాలతోనే చూస్తుంది. నమ్మడానికి వచ్చిన ఒక్క మనిషికే, అదీ ఆమె కళ్లలాంటి పాదాలకే దెబ్బ తగలడం రచనలో చిన్న విషయం కాదు. మర్నాడు కంబస్చన్ మ్యాన్ వచ్చి పడతాడు. జుకో ఆగమంటాడు, ఆగితే రెట్టింపు డబ్బిస్తానంటాడు. పంపినవాడికి ఆపే శక్తి ఉండదు. చాలా కథల్లో విలన్ మనసు మారగానే అతను చేయించిన పాత పనులన్నీ వాటంతటవే ఆగిపోతాయి. ఇక్కడ ఆగవు. ఆఖరికి సాకా విసిరిన బూమరాంగ్ నుదుట తగిలి ఆ మనిషి తన పేలుడుకే బలవుతాడు.

ఆ తర్వాత కూడా జుకోని చేర్చుకునేది ప్రాణాలు కాపాడాడని కాదు. నిప్పుని అదుపులో పెట్టుకోకపోతే అనుకోకుండా మనుషులకి హాని చేస్తుందని అతను ఒప్పుకుంటాడు. మొదటి సీజన్‌లో అగ్నివిద్య నేర్చుకోబోయి కటారా చేతులు కాల్చిన ఆంగ్‌కి ఆ మాట తగులుతుంది. గురువు కావడానికి అర్హత అక్కడ దొరికింది. అప్పుడు ఆంగ్ ఒక్కొక్కర్నీ అడుగుతాడు. టోఫ్ సరే అంటుంది, కాళ్లు కాల్చినందుకు బదులు తీర్చుకునే వీలుంటుందని. సాకా లెక్క అగ్నిరాజుని ఓడించడం. కటారా మాత్రం అందరి ముందు ఊ కొట్టి, తర్వాత జుకో గది గుమ్మంలో నిలబడి, ఒక్క తప్పటడుగు వేసినా నీ కథ నేనే ముగిస్తానని చెప్పి వెళుతుంది. ఆమె కోపం 16వ ఎపిసోడ్ దాకా చల్లారదు.

కాదనే హక్కు ఎవరికి ఇచ్చారన్నది చూస్తే రెండిటికీ తేడా తేలిపోతుంది. "డ్యుయెల్"లో ట్రిక్సీ క్షమాపణకి ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పరు. ట్రిక్సీ మంత్రానికి నోరు మాయమైన ట్వైలైట్ స్నేహితురాలు పింకీ కూడా తర్వాత ఏమీ అడగదు. "టెంపుల్"లో కాదనడానికే ఎక్కువ సమయం ఇచ్చారు. మన పల్నాటి కథలో కోడిపందెం ఓడి ఏడేళ్లు వలస పోయిన మాచర్ల పక్షం, గడువు తీరాక తమ భాగం ఇమ్మని అలరాజుని రాయబారం పంపింది. అతనికి విషం పెట్టారు, కారంపూడిలో యుద్ధమైంది. వెళ్లినవాళ్లు తిరిగి రావడం వచ్చినవాళ్ల చేతిలో మాత్రమే ఉండదని పల్నాటి పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఈ కథ తెలిసిన పిల్లలైతే కటారా గుమ్మం దగ్గరి మాట వెంటనే అందుకుంటారు.

కాబట్టి తిరిగొచ్చే ప్రత్యర్థి గురించే నేర్పాలంటే "టెంపుల్" మేలు. ముడి వేసి విప్పడం నేర్పాలంటే, లేదా ముందున్నది పదేళ్ల లోపు పిల్లలైతే "డ్యుయెల్" మేలు. చూపించేటప్పుడు మాత్రం రెండూ రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి.

"టెంపుల్" ఒంటరిగా నిలబడదు. వెనక కథ తెలియని పిల్లలు కప్ప ముందు తడబడే జుకోని చూసి పడీపడీ నవ్వుతారు, వెంటనే అతని పక్షం అయిపోతారు. అప్పుడు కటారా ఉత్త గయ్యాళిలా కనిపిస్తుంది, చర్చ మొత్తం తలకిందులవుతుంది. దీనికి మందు రెండో భాగం చివరి ఎపిసోడ్ "ద క్రాస్‌రోడ్స్ ఆఫ్ డెస్టినీ"లో ఉంది. స్ఫటికాల గుహలో కటారా జుకో ముఖమ్మీది కాలిన మచ్చని మాన్పడానికి తన దగ్గరున్న పవిత్ర జలం వాడతానంటుంది. కాసేపటికే జుకో అజులా వైపు చేరతాడు. అజులా పిడుగుకి ఆంగ్ కూలిపోతాడు, అతన్ని బతికించేది ఆ జలమే. జుకో మచ్చకి వాడేసి ఉంటే ఆంగ్ లేడు. గుహలో మాటల దగ్గర్నుంచి చివరి దాకా చూపిస్తే చాలు, మిగతా సీజన్ నోటితో చెప్పొచ్చు. టోఫ్ పాదాలతో చూస్తుందన్న సంగతి మాత్రం మరవకుండా చెప్పాలి, లేకపోతే ఆ రాత్రి దెబ్బ బరువు తెలియదు.

ఇంకోటి మన ఎండల గొడవ. మే నెలలో బెజవాడలో పది దాటితే పిల్లల్ని లోపలే కూర్చోబెట్టాలి. అపార్ట్‌మెంట్ హాల్లో ఫ్యాన్లు, కూలర్ మోతకి జుకో గొణుగుడు వినపడదు, ల్యాప్‌టాప్ స్పీకర్ సరిపోదు, విడిగా స్పీకర్ పెట్టాలి. కిటికీలకి కర్టెన్లు లేకపోతే ప్రొజెక్టర్ మీద టోఫ్ రాత్రి సన్నివేశం బూడిదరంగు మసకగా తేలుతుంది, ఎవరు ఎవర్ని కాల్చారో అర్థం కాదు. దుప్పటి కట్టినా సరే, లేదా టీవీ మీద చూపించినా సరే. "డ్యుయెల్"కి ఈ బాధ తక్కువ, చాలావరకు పట్టపగటి రంగులే.

"డ్యుయెల్"తో వచ్చే చిక్కు మాటలతో. జెకోరా మాట్లాడేదంతా అంత్యప్రాసల్లో ఉంటుంది. ఆపి తెలుగులో చెప్పేవాళ్లు ప్రాస వదిలేస్తే ఆ పాత్ర సగం పోతుంది, ముందురోజే రెండేసి పాదాలు కట్టి పెట్టుకోవడం మంచిది. ట్రిక్సీ తన గురించి తనే పేరు పెట్టి చెప్పుకుంటుంది. "ట్రిక్సీకి చక్రాల మీద నమ్మకం లేదు" అని అలాగే చెబితే పిల్లలు రెండు నిమిషాల్లో అనుకరించడం మొదలెడతారు. ఆపాల్సిన చోటు ఒక్కటే: తాయెత్తు వేసుకున్నవాళ్లు తప్ప ఎవరూ తియ్యలేరని తెలిసిన వెంటనే. అక్కడ ఆపి, "మీరైతే ఎలా తీయిస్తారు?" అని అడిగి, ఒక్కొక్కరి చేత ఒక్కో ఉపాయం కాగితం మీద రాయించి, అప్పుడు మిగతాది చూపించాలి. ముగింపు చూశాక అడిగితే అందరూ అదే రాస్తారు.

"టెంపుల్"ని రెండు చోట్ల ఆపాలి. కప్ప దగ్గర సాధన అవగానే ఒకసారి: వీటిలో ఏ మాట పనిచేస్తుంది? గుమ్మం దగ్గర కటారా వెళ్లగానే రెండోసారి: ఆమె చేసింది సరైనదా? ఈ రెండో ప్రశ్నకి గది రెండుగా చీలుతుంది, తీర్పు చెప్పకుండా వదిలేయండి.

రెండు రోజులు చేతిలో ఉంటే మొదటి రోజు "డ్యుయెల్", రెండో రోజు గుహ సన్నివేశంతో కలిపి "టెంపుల్". ట్రిక్సీ క్షమాపణ అంత తేలిగ్గా అయిపోయిందేమిటని జుకోని చూశాక పిల్లలే అడుగుతారు. ముందు జుకోని చూపిస్తే ఆ తర్వాత "డ్యుయెల్" వాళ్లకి చప్పగా ఉంటుంది. ఇంకా ఆసక్తి ఉంటే 16వ ఎపిసోడ్ "ద సదరన్ రైడర్స్" దాకా వెళ్లొచ్చు, కానీ అది కటారా తల్లి హత్య చుట్టూ తిరుగుతుంది, చిన్నపిల్లలున్న గదిలో పెట్టకండి.