జాగ్రత్త: స్విచ్ అడిగితే స్ప్లిటర్, రాగి కేబుల్ అడిగితే అల్యూమినియం

200, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని ఇంట్లో మూడు నాలుగు కంప్యూటర్లకు నెట్ పంచుకుందామనుకునే కడప వాళ్లు డబ్బులిచ్చే ముందు ఇది చదవండి. కొన్ని షాపుల్లో, ఇంటికొచ్చి వైరింగ్ చేసే కొందరి దగ్గర ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెడుతున్నారు.

స్విచ్ (ఒక నెట్ కేబుల్‌ని చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె) అడిగితే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఇస్తారు, అదే స్ప్లిటర్. ఒకవైపు ఒక పోర్టు, రెండోవైపు రెండు. "దీనికి కరెంటే అక్కర్లేదు సార్" అంటారు. నిజమే, లోపల తీగలు తప్ప ఏమీ లేవు కదా! ఒక్క కంప్యూటర్ ఉన్నంతసేపు నడుస్తుంది, రెండోది ఆన్ చేయగానే రెండింటికీ నెట్ పోతుంది. అసలు స్విచ్‌కి అడాప్టర్ ఉంటుంది, ప్రతి పోర్టుకీ లైటు వెలుగుతుంది.

రౌటర్ డబ్బా మీద 1200 అని పెద్దగా ఉంటే మోసపోకండి. అది 300, 867 కలిపి చెప్పే వైఫై లెక్క. వెనక కేబుల్ పెట్టే పోర్టులు 10/100వే (అంటే 100 ఎంబీపీఎస్ దాటనివి) అయితే ఇంట్లో ఎన్ని కంప్యూటర్లున్నా అన్నింటికీ కలిపి వచ్చే నెట్ 95 ఎంబీపీఎస్ లోపే. 10/100/1000 అని గానీ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులని గానీ రాసి ఉంటేనే తీసుకోండి, బిల్లు మీద కూడా ఆ మాట రాయించుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ మోసం కేబుల్‌లో. పైన క్యాట్ 6 (గిగాబిట్ వేగానికి పనికొచ్చే కేబుల్ రకం) అనే ఉంటుంది, లోపల అల్యూమినియం తీగకి రాగి పూత. ఒక తీగ బయటికి లాగి బ్లేడుతో గీకండి. తెల్లగా తేలితే వద్దనండి. అల్యూమినియానికి రాగి కన్నా రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. గోడ మూల దగ్గర రెండుసార్లు వంచితే తీగ పుటుక్కుమంటుంది. షాపువాడు టెస్టర్ పెట్టి కేబుల్‌లోని ఎనిమిది తీగలకీ ఎనిమిది లైట్లూ చూపిస్తాడు. ఆ లైట్లు తీగ తెగలేదని చెబుతాయే గానీ రాగో కాదో చెప్పవు.

ఇంకో కక్కుర్తి: ఒకే కేబుల్‌లో నాలుగు తీగలు ఒక గదికి, మిగతా నాలుగు ఇంకో గదికి. నెట్ వస్తుంది, కానీ గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి కాబట్టి రెండు గదుల్లోనూ 100 దగ్గరే ఆగిపోతుంది. క్రింపింగ్ (తీగలను ప్లగ్‌లో పెట్టి నొక్కి బిగించడం) రెండు చివర్లా ఈ రంగుల వరుసలోనే ఉండాలి: వైట్-ఆరెంజ్, ఆరెంజ్, వైట్-గ్రీన్, బ్లూ, వైట్-బ్లూ, గ్రీన్, వైట్-బ్రౌన్, బ్రౌన్.

మన పాత ఇళ్లలో రాతిగోడలు మందం. వాటిని 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగా దాటదు. అందుకని రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) అంటగడతారు. మామూలు రిపీటర్ ఒకే బ్యాండ్ (వైఫై ఫ్రీక్వెన్సీ) మీద తీసుకుని దాని మీదే పంపుతుంది, వేగం సగానికి పడుతుంది. దాని బదులు లోపలి గదికి కేబుల్ లాగి రెండో రౌటర్ పెట్టించుకోండి. దాని అడ్రస్ 192.168.1.2 చేసి (మొదటిది 192.168.1.1 అయితే), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రసులు పంచే సెట్టింగ్) ఆపేసి, కేబుల్‌ని ల్యాన్ పోర్టులో (ఇంట్లో కంప్యూటర్లు పెట్టేది) పెట్టాలి. వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కేబుల్ పెట్టేది) పెడితే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లవుతాయి, హాల్లో ప్రింటర్ లోపలి గది కంప్యూటర్‌కి కనిపించదు. డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతాయి, కొన్ని కంప్యూటర్లకి నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

పనివాడికి మిగతా డబ్బు ఇచ్చేముందు ప్రతి కంప్యూటర్‌లో విండోస్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాలి. గిగాబిట్ పోర్టులు పెట్టాక కూడా 100/100 చూపిస్తే, రెండు చివర్లూ కత్తిరించి మీ ముందే మళ్లీ క్రింప్ చేయమనండి.