ఎనిమిది నెలలుగా గ్రానోలా తింటున్నాను, కొనేముందు ఇవి చూసుకోండి

మాది విజయనగరం, నా ఉద్యోగం శ్రీకాకుళంలో. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి అక్కడ్నుంచి ఊళ్ళోకి ఆటో ఎక్కాలి, అందుచేత ఇంట్లో నింపాదిగా కూర్చుని టిఫిన్ తినేది వారంలో ఆదివారం ఒక్కరోజే. మిగతా రోజులు స్టేషన్ దగ్గర పూరీ తినీసి ఎక్కేదాన్ని, చీపురుపల్లి వచ్చేసరికి ఛాతీలో మంట మొదలు, సగం రోజు ఆ తేన్పులతోనే గడిచేది. అది భరించలేక పోయిన జూలైలో ఆన్‌లైన్‌లో మొదటి గ్రానోలా ప్యాకెట్ తెప్పించాను. ఇప్పటికి మూడు కంపెనీలవి మార్చి మార్చి తిన్నాను, పేర్లు పెట్టట్లేదు, ఎందుకంటే నేను చెప్పేవి ఏ ప్యాకెట్‌కైనా పనికొస్తాయి.

తెలియనివాళ్ళకి ఏటంటే, ఓట్స్‌లో బాదం, జీడిపప్పు, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి, తేనో బెల్లమో కొంచెం నూనో పట్టించి ఓవెన్‌లో కరకరలాడేలా కాలుస్తారు, కిస్‌మిస్ లాంటివి చివర్లో కలుపుతారు. మా అమ్మ ఒక ఉండ నోట్లో వేసుకుని "ఇదేటే, అటుకులు వేయించి బెల్లం పాకం పట్టినట్టుంది" అంది, నిజమే, రుచి ఇంచుమించు అదే. మ్యూస్లీ అని పక్కనే ఇంకోటి అమ్ముతారు, అసలు పద్ధతిలో దాన్ని పాకం పట్టి కాల్చరు, అందుకే అది ఉండలు కట్టదు.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. మాది గేదె పాల వాడకం, అమ్మ పొద్దున్నే కాచి దించిన పాలు వేడివేడిగా పోసీసాను. రెండు నిమిషాలు కాకముందే మొత్తం జావ అయిపోయి, పైన మీగడ తేలి, గింజలు అడుక్కి పోయి, ఏం తింటున్నానో తెలీలేదు. కాచిన పాలు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా పోసుకుంటే ఐదారు నిమిషాలు కరకర ఉంటుంది, ఆ లోపు తినీయాలి. నాకైతే పాల కన్నా పెరుగు బాగా నచ్చింది, మరీ పుల్లగా లేని గట్టి పెరుగు మీద చల్లుకుంటే మెత్తబడదు, ఆ పులుపుకి దీని తీపి సరిపోతుంది. నమలలేని పెద్దవాళ్ళకి మాత్రం రాత్రే పాలలో నానబెట్టి ఇవ్వడం మంచిది. 1863లో అమెరికాలో జేమ్స్ కాలెబ్ జాక్సన్ అనే డాక్టర్ చేసిన గ్రానులా, అంటే దీనికి తాతలాంటిది, రాత్రంతా నానబెడితే గానీ నమలడానికి వచ్చేది కాదట.

ఇప్పుడు అసలు విషయం, కొలత. నెల రోజులు గిన్నె నిండా తిన్నాను, ఆరోగ్యకరం అని ముందు పెద్దక్షరాలతో ఉంది కదా అని. బరువు రెండు కిలోలు పెరిగాను! అప్పుడు వంటింట్లో కేకుల కోసం కొన్న చిన్న కాటా మీద ఆ గిన్నెడు పెట్టి తూచితే 110 గ్రాములు. ప్యాకెట్ వెనక చూస్తే ఒకసారికి 40 గ్రాములు అని ఉంది. వంద గ్రాములకి 450 కేలరీలు, కలిపిన చక్కెర 18 గ్రాములు. అంటే నా గిన్నెలో పాలు కాకుండానే దగ్గర దగ్గర 500 కేలరీలు, 20 గ్రాముల చక్కెర, చెంచాకి నాలుగు గ్రాముల లెక్కన ఐదు చెంచాలు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంటే నేను పొద్దున్నే ఇంచుమించు అంతా తినీసేదాన్ని. అదే 40 గ్రాములైతే 180 కేలరీలు, 7 గ్రాముల చక్కెర. చూడ్డానికి నాలుగు పెద్ద చెంచాలే, మొదట్లో ఇదేం సరిపోతుంది అనిపిస్తుంది, కానీ పెరుగూ ఒక అరటిపండూ కలిస్తే నాకు పదకొండున్నర దాకా ఆకలి వెయ్యట్లేదు. పెరిగిన బరువు మూడు నెలల్లో దిగింది, ఛాతీలో మంట అయితే పూరీ మానిన వారంలోనే పోయింది.

అందుకే ప్యాకెట్ ముందు బొమ్మ చూసి కొనకండి, వెనక తిప్పండి. పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని మన దేశంలో రూల్ ఉంది, మొదటి మూడు పేర్లలో చక్కెర గానీ సిరప్ గానీ కనిపిస్తే నేను కొనను. రెండో కంపెనీ ప్యాకెట్ మీద బాదం గుట్టలు గుట్టలుగా వేశారు, వెనక చూస్తే బాదం 4 శాతం, నూనె పామాయిల్. చాలా బాధేసింది, 400 గ్రాములకి 350 రూపాయలు పోసి కొన్నది. ఇంకోటి, చక్కెర కలపలేదు అని రాసినవాటిలో కొన్నిట్లో తేనె, బెల్లం, ఖర్జూరం సిరప్ ఉంటాయి, అవీ తీపే, ఒంట్లోకి వెళ్ళాక చేసే పనిలో పెద్ద తేడా లేదు. మా నాన్నకి షుగర్ ఉంది, ఆయన ముచ్చటపడి అడిగినా నేను పెట్టలేదు, ఆయనకి అమ్మ కాచే చోడి (అంటే రాగి) అంబలే, అదీ డాక్టర్ చెప్పిన కొలతలో. అన్నట్టు 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఓట్స్‌లో అంత లేదు, కాబట్టి గ్రానోలా వచ్చిందని అంబలి మానక్కర్లేదు. ఆదివారాలు నేనూ అదే తాగుతున్నాను.

మన వైపు వానాకాలం దీనికి పెద్ద శత్రువు. ఆగస్టులో ప్యాకెట్ జిప్పు సరిగ్గా పడలేదు, నాలుగు రోజులకి ఉండలన్నీ చెమ్మ పట్టి సాగుతున్నాయి, కిస్‌మిస్ పళ్ళకి అంటుకుపోయేది. పారెయ్యబుద్ధి కాక మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద నాలుగు నిమిషాలు కలుపుతూ వేయించి, పూర్తిగా చల్లారాక సీసాలో పోశాను, మళ్ళీ కరకర వచ్చింది. వేడిగా ఉన్నప్పుడు మూత పెట్టకండి, ఆవిరి పట్టి మళ్ళీ మెత్తబడిపోతుంది. అప్పట్నుంచి ప్యాకెట్ విప్పగానే రబ్బరు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చీసి, విప్పిన తేదీ స్కెచ్ పెన్నుతో రాసుకుంటున్నాను.

రైల్లో తినడానికైతే చిన్న స్టీలు డబ్బాలో ఒక గుప్పెడు పొడిగానే తీసుకెళ్తాను, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పొందూరు దాటాక తింటే ఇంటికొచ్చే దాకా బజ్జీల మీదకి మనసు పోదు. ఇప్పుడు గింజలు తక్కువున్న, తీపి బాగా తక్కువున్న రకం కొని, పలాస నుంచి మా కొలీగ్ తెచ్చే జీడిపప్పు ముక్క పావుకిలో వేయించి కలుపుతున్నాను. గుండు కన్నా ముక్క ధర తక్కువ, రుచి అదే, పైగా ప్యాకెట్‌లో వెతికితే గానీ దొరకని జీడిపప్పు ఇందులో ప్రతి చెంచాకీ తగులుతుంది.

సీసా అడుగున మిగిలే పొడి మాత్రం పారెయ్యకండి, చక్కెరకేళి పండు చిదిమి పెరుగులో కలిపి దాని మీద ఆ పొడి జల్లుకోండి, మా మేనకోడలు ఎప్పుడొచ్చినా మొదట ఆ సీసా అడుగే చూస్తుంది.