2013 నుంచి ఫీడ్ రీడర్‌లో టెక్ వార్తలు చదివిన అనుభవం

సైట్లు తమ కొత్త వ్యాసాలను ఫీడ్ అనే జాబితాగా అందిస్తాయి, వాటన్నిటినీ ఒకేచోట చూపేది ఫీడ్ రీడర్. అలాంటి గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. అంతకు వారం ముందు నా ఫీడ్ల జాబితాను, వేరే రీడర్లూ చదవగల ఓపీఎంఎల్ ఫైలుగా దించుకున్నాను. ఆ తరువాత రీడర్లు రెండుమూడు మారాయి గానీ, ఆ ఫైలు మాత్రం వెంటే వస్తోంది. కొన్నేళ్లుగా మినీఫ్లక్స్ అనే ఓపెన్ సోర్స్ రీడర్‌ను సొంత సర్వర్‌లో నడుపుకుంటున్నాను. గో భాషలో రాసిన ఈ ప్రోగ్రాముకు తోడుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే చాలు. చిన్న సర్వర్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

ఈ పద్ధతి విలువ ఏమిటో 2024 మార్చి 29, శుక్రవారం రాత్రి నాకు బాగా తెలిసివచ్చింది. దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఫైళ్లను కుదించడానికి ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) ఉందని ఆ రోజే బయటపెట్టారు. లినక్స్ సర్వర్లన్నీ పరాయి చేతుల్లోకి పోయినట్లు వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు తిరుగుతుండగా, నా రీడర్‌లో, మేం వాడే లినక్స్ రకమైన డెబియన్ భద్రతా ప్రకటన కనిపించింది. ఆ వెర్షన్లు టెస్టింగ్, అన్‌స్టేబుల్ వంటి ఇంకా తయారీలో ఉన్న శాఖలకే చేరాయనీ, స్టేబుల్ వెర్షన్లకు ఈ ముప్పు ఉన్నట్లు తేలలేదనీ అందులో ఉంది. మేం వాడేది స్టేబులే. అయినా ప్రతి సర్వర్‌లోనూ వెర్షన్ నంబరు సరిచూసి, సహోద్యోగులకు ఆ ప్రకటన లింకు పంపి పడుకున్నాను.

వార్త మొదలును మాత్రమే కాక కొనసాగింపును కూడా చూపడం ఫీడ్లలో నాకు ఎక్కువగా నచ్చిన గుణం. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను వదిలినప్పుడు అందరూ రాశారు. కొద్ది రోజులకే లినక్స్ ఫౌండేషన్ నీడన, దాని పాత కోడ్ నుంచి వాల్కీ పుట్టినప్పుడూ రాశారు. 2025 మేలో రెడిస్ 8తో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కూడా వచ్చి చేరిందన్న సంగతి మాత్రం, విడుదలల ఫీడ్ పెట్టుకున్నందువల్లే నాకు ఆ రోజే తెలిసింది. ప్రోగ్రాముల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో ప్రతి ప్రాజెక్టు విడుదలలకూ అటమ్ అనే రూపంలో ఫీడ్ ఉంటుందని చాలామందికి తెలియదు. మనం రోజూ వాడే పది లైబ్రరీలకు అవి పెట్టుకుంటే, ఏ వార్తల సంకలనమూ అంత ఉపయోగపడదని నా నమ్మకం.

స్టార్టప్ వార్తల విషయంలో నేను పొరపాటు చేశాను. పెట్టుబడుల వార్తల్లో ఎక్కువ భాగం కంపెనీ ఇచ్చిన ప్రకటనే కాబట్టి, పెట్టుబడి, కొనుగోలు వంటి పదాలున్న శీర్షికలన్నీ రాకుండా నిరోధక నియమం రాసుకున్నాను. దాంతో మా ప్రోగ్రాములు బయటి సేవలను వాడుకునే ఏపీఐలలో ఒకదాన్ని అందించే చిన్న సంస్థ చేతులు మారుతోందన్న వార్త కూడా ఆగిపోయి, సేవ నిలిపివేతకు మూడు వారాల ముందు గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు మేం డబ్బు కట్టే ప్రతి సంస్థ పేరునూ ఆ నియమం నుంచి మినహాయించాను.

లోపాలూ ఉన్నాయి. కొన్ని సైట్లు ఫీడ్‌లో మొదటి పేరా మాత్రమే ఇస్తాయి. మినీఫ్లక్స్ అసలు పుటను తెచ్చి చూపగలదు గానీ, చందా కట్టాల్సిన చోట అదీ కుదరదు. చదవనివి వందల్లో పేరుకుపోతే తెరవబుద్ధి కాదు, అందుకే ఏటా జనవరిలో కొన్ని ఫీడ్లు తీసేస్తాను.

ఇటీవల మా బృందంలో చేరిన అమ్మాయి నా జాబితా అడిగింది. మొత్తం ఇవ్వకుండా 12 ఫీడ్లే ఇచ్చాను: తను వాడే భాష, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్ భద్రతా ప్రకటనలు, వారం గడిచాక ఉచితంగా చదువుకోగల ఎల్‌డబ్ల్యూఎన్ అనే లినక్స్ వార్తల సైటు, మిగిలినవి లైబ్రరీల విడుదలలు. నెల తిరిగేసరికి తను వాటిలో మూడు తీసేసి, నాకు తెలియని రెండు చేర్చుకుంది. ఆ రెండూ ఇప్పుడు నా జాబితాలోనూ ఉన్నాయి.